మునవ్వర్ సొంత గోడ

కోడేరుకు దగ్గర్లోని ఒక పల్లెలో మునవ్వర్ గోడల మీద రాతలు రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ, సర్పంచి ఎన్నికలొస్తే అందరికీ మళ్లీ అతనే కావాలి. ఈమధ్య ఎన్నికల్లో అప్పటి సర్పంచికి ఉంగరం గుర్తు, ఆయన మీద నిలబడ్డ జయపాల్‌కు కత్తెర గుర్తు వేశాడు. నీ ఓటెవరికని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు ఉంగరం కింద "ఇంటింటికీ నీళ్లు" అని రాసి ఇంటికొచ్చేసరికి, భార్య అమీరున్నీసా పొలాల బోరు నుంచి బిందెతో వస్తోంది. ఊరి నీళ్ల మోటారు కాలిపోయి వీధి నల్లా ఎండాకాలం నుంచీ ఎండిపోయే ఉంది.

"అందరి మాటలు గోడల మీద రాస్తవు. నీ మాటేంది మరి?" అందామె, బిందె దింపుతూ.

ఆ మాట అతన్ని వదల్లేదు. మర్నాడు తన ఇంటి గోడకు సున్నం కొట్టి, ఎండిన నల్లా, దాని ముందు అమీరున్నీసా సొట్టబిందె వేశాడు. ఒక్క అక్షరం రాయలేదు.

ఎదురింటి తిరుపతమ్మ చూసి, "మునవ్వరన్నా, జర నా బిందె గూడ ఎయ్యవా?" అంది. ఆమెను చూసి వీధి ఆడవాళ్లంతా తమ బిందెలు తెచ్చారు. సాయంత్రానికి బొమ్మలో బిందెల వరుస గోడ చివరిదాకా సాగింది.

జయపాల్ సంబరంగా వచ్చాడు. "బొమ్మ మస్తుంది భాయ్. పైన నా కత్తెర ఎయ్యి."

"నీకోసం ఏసింది గాదు," అన్నాడు మునవ్వర్. "నీళ్లు లేవని ఏసిన. రేపు నువ్వు గెల్సినా నీళ్లొచ్చేదాంక ఈ బొమ్మ గిట్లనే ఉంటది."

ఆ వెనకే సర్పంచి మనుషులు సున్నం బకెట్‌తో వచ్చారు. ఆడవాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. "ముందుగాల నీళ్లిడువుండ్రి, తర్వాత సున్నం కొట్టుండ్రి," అంది తిరుపతమ్మ. వాళ్లు తిరిగిపోయారు.

జయపాల్ గెలిచాడు. ఆడవాళ్లు అతన్ని పట్టుకొచ్చి ఆ బొమ్మ ముందు నిలబెట్టారు. కొన్నాళ్లకు కొత్త మోటారు వచ్చింది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి.

ఇప్పుడు మునవ్వర్ ఊళ్లోని నబీ సాబ్ చాయ్ హోటల్ గోడ మీద బొమ్మ వేస్తున్నాడు. మూటలతో వనపర్తి బస్సెక్కుతున్న వలస కూలీలు. ఎవరూ వెయ్యమనలేదు. చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఆ కూలీల్లో ఒక ముసలామె కళ్లు దిద్దుతున్నాడు.