సర్ఫేస్ డ్యూటీ

బొగ్గుగనిలో ముప్పయ్యారేళ్లు కార్మికుల హాజరు రాసి రిటైరైన గుమాస్తా తీతు. ఇప్పటికీ పొద్దున అయిదింటికే లేచి, తెల్లచొక్కా జేబుకు రెండు పెన్నులు తగిలించుకుని, వరండాలో కుర్చీ వేసుకుంటాడు. ఇంట్లోంచి ఎవరు బయటికి పోయినా గడియారం చూస్తాడు. ఈ వేసవి సెలవుల్లో రెండేళ్ల మనుమణ్ణి చూసుకోవడానికి పక్క క్వార్టర్‌లోని డిగ్రీ పిల్ల సారికను కూతురు కుదిర్చింది. జీతం తేల్చే పని మాత్రం తండ్రికి అప్పగించి డ్యూటీకి పోయింది. తీతుకు తెలిసిన లెక్క ఒక్కటే: గని లోపలికి దిగే అండర్‌గ్రౌండ్ పనికి ఎక్కువ, పైన చేసే సర్ఫేస్ పనికి తక్కువ.

"నీది సర్ఫేస్ పని బిడ్డా. ఫ్యాను కింద కూసుంటవ్. రోజుకు నూట యాభై."

"కూసుంటనా తాతా?" అంది సారిక.

బుధవారం ఆమె పరీక్ష ఫీజు కట్టడానికి కాలేజీకి పోయింది. ఆ రోజు తీతు ఒక్కడే డ్యూటీ ఎక్కాడు. తొమ్మిదింటికి పిల్లాడు బియ్యం డబ్బా బోర్లించాడు. పదకొండింటికి తాత కళ్లద్దాలు మంచం కిందికి విసిరాడు. వాటి కోసం తీతు పాక్కుంటూ లోపలికి పోతే, వెనకాలే వచ్చి వీపెక్కి కూర్చున్నాడు, దిగలేదు.

మర్నాడు సారిక వచ్చేసరికి తీతు నోటుబుక్కులో ఆమె పేరు కొట్టేస్తున్నాడు.

"నన్ను తీసేసిండ్రా తాతా?"

"లేదు బిడ్డా. అండర్‌గ్రౌండ్‌కు మార్చిన. ఇయ్యాల్టి సంది మూడు వందలు." ఒక్క పెన్నే మిగిలిన జేబు తడుముకుని, మంచం వైపు చూశాడు. "దిగినప్పుడు లోపల నా పెన్ను కనవడితే పట్టుకరా."