పూతల బాబాయి

రంగు వేసిన వస్తువు కంటపడితే చాలు, దానికి ఎన్ని పూతలు పడ్డాయో చెప్పకుండా పూతల బాబాయి అడుగు ముందుకు వేయడు. ఇళ్లకు రంగులు వేయడం ఆయన వృత్తి. ఊళ్లోవాళ్ల గోడలన్నీ చదివేయడం ఆయన జబ్బు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని, పైకప్పు వైపు వేలు చూపిస్తూ "ఆఁ... ఊఁ" అని గింజుకున్నాడు. నొప్పేమోనని డాక్టరు కంగారుపడి నోట్లో దూది తీస్తే, "రెండే పూతలు సార్. ఆ మూల కుంచె మార్చాడు" అన్నాడు.

కొత్తగా కాపురం పెట్టిన జంట, గది తామే రంగు వేసుకున్నామని ముచ్చటగా చూపించారు. బాబాయి గోడ నిమిరాడు. "కిటికీ దాకా ఇద్దరూ కలిసి వేశారు. అక్కడ పోట్లాడుకున్నారు. మిగతాది అమ్మాయి ఒక్కతే వేసింది." ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోయారు.

ఈ జబ్బుకి రోజూ బలయ్యేది ఒకే ఇంట్లో ఉండే అన్నగారు. ఆయన సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు పటాలు గీసిన మనిషి. నీలం గీత అంటే కాలువ, నల్ల చుక్కలంటే సరిహద్దు. ఏమీ కాని గీత ఆయన చేతిలోంచి ఒక్కటీ రాలేదు. అలాంటాయన కడుపున పుట్టి, కూతురు ఏమీ కాని గీతలే గీస్తుంది. చెట్టుండదు, మనిషుండడు, ఉత్త రంగులు. కాలేజీ ప్రదర్శనలో పదిమంది ముందు ఆయన, "ఇదేమిటమ్మా? తలకిందులుగా తగిలించలేదు కదా?" అని అడిగేశారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆ పిల్ల తండ్రితో మాట్లాడలేదు.

ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటున్న ఆ అమ్మాయి సొంతంగా మొదటి ప్రదర్శన పెట్టుకుంది. ఫోన్ చేసి చెప్పింది.

"రా నాన్నా. కానీ 'ఇదేమిటి' అన్నావంటే మాత్రం, జన్మలో నా బొమ్మ నీకు చూపించను."

అన్నగారికి తన నోటి మీద తనకే నమ్మకం లేదు. తోడుగా తమ్ముణ్ణి లాక్కెళ్లారు.

హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా గోడంత బొమ్మ. బూడిద కలిసిన తెలుపు, దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరికి మెలికలు తిరిగిన నీలం గీత. కాలువ కాదు, పోనీ నది కూడా కాదు. అమ్మాయి అవతల ఎవరితోనో మాట్లాడుతోంది. అన్నగారి నాలుక దురద పెట్టింది.

"ఒరేయ్, ఇదే..."

బాబాయి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అడక్కు అన్నయ్యా! ఎన్ని పూతలో చూడు."

"చూస్తే ఏమొస్తుందిరా?"

"ముందు చూడు. ఇలా పక్కకొచ్చి, వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడు. ఈ తెలుపు కింద పచ్చ ఉంది, కనబడిందా? మొత్తం కప్పేసి, అంచున కాస్త ఉంచుకుంది. దాని మీద మమకారం పోలేదు. ఇదిగో, ఇక్కడ చెయ్యి భయపడింది. ఆగి ఆగి వేసింది. ఇక్కణ్ణుంచి చూడు, కుంచెలో రంగు అయిపోయేదాకా ఎత్తలేదు!"

అన్నగారు వేలితో గాలిలో ఆ నీలం గీత వెంట వెళ్లారు. మలుపు దగ్గర ఆయన మణికట్టు దానంతటదే తిరిగింది. ముప్పై ఏళ్లు గీతలు గీసిన చెయ్యి కదా, దానికి తెలిసిపోయింది. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ వదలాలో అన్నీ తెలిశాయి. ఇంత ధైర్యం తన జన్మలో గీసిన ఏ గీతకీ లేదు. చిటికెన వేలు పట్టుకుని నడిచిన పిల్లకి ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయన నోరు తెరుచుకుని అరగంట అలాగే నిలబడిపోయారు.

కూతురు వచ్చి పక్కన నిలబడింది. ఏం అడుగుతాడోనని మొహం బిగించుకుంది.

"నాలుగు పూతలు కదమ్మా?" అన్నారు ఆయన మెల్లగా. "ఈ మలుపులో ఊపిరి బిగబట్టావు."

అమ్మాయి మొహం ఒక్కసారి విచ్చుకుంది. "నాన్నా! నీకెలా తెలుసు?"

అప్పుడు ఆయన కింద చీటీ చదివారు. బొమ్మ పేరు 'బీరువా వెనక'.

"ఏ బీరువా?"

బాబాయి గబుక్కున పైకప్పు చూశాడు. ఎన్ని పూతలో మాత్రం చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"అదేంటి బాబాయ్, నాన్నకి ఇంకా చెప్పలేదా? నేను చిన్నప్పుడు టార్చి వేసి సందులోంచి చూసుకునేదాన్ని కదా!"

అన్నగారికి గుర్తొచ్చింది. పిల్లకి ఆరేళ్లప్పుడు కొత్త గోడ మీద నీలం రంగు పులిమింది. తను ఇల్లెగిరిపోయేలా అరిచి, వెంటనే కప్పేయమన్నారు. తమ్ముడు సరేనని, గోడకి బీరువా జరిపాడు. అప్పట్నుంచి ఇంటికి రంగులు వేసిన ప్రతిసారీ, "అక్కడ చెమ్మ ఉంది, నేనే చూసుకుంటా" అని తలుపేసుకుని ఒక్కడే వేసేవాడు.

ఇంటికొచ్చీరాగానే అన్నదమ్ములిద్దరూ బీరువా పక్కకి నెట్టారు. చుట్టూ టేపు అంటించి వేసినట్టు నాలుగు పక్కలా తిన్నని అంచులు, మధ్యలో పాత గోడ. దాని మీద మెలికలు తిరిగిన నీలం గీత. అదే మలుపు.

అన్నగారు అంచు మీద గోరుతో రాసి లెక్కపెట్టారు. "తొమ్మిది పూతలు."

"పది. ఆఖరిది పలుచన, నీ కంటికి ఇంకా అందదు."

"ప్రతిసారీ ఇది వదిలేసి వేశావట్రా?"

"చెమ్మ అన్నయ్యా. రంగు పట్టదు."

అన్నగారు గోడ తడిమి చూశారు. ఎండు కట్టెలా ఉంది. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు. "బీరువా ఎదుటి గోడకి పెట్టేద్దాం. ఇది కనబడాలి."

బాబాయి వెళ్లి ఆ ఎదుటి గోడ నిమిరాడు. "పెడదాంగానీ, దీనికి ముందు రెండు పూతలు పడాలి."

"బీరువా వెనకాల ఎవడు చూడొచ్చాడ్రా?" అనేసి, అన్నగారు నాలిక్కరుచుకున్నారు.