నాలుగో రౌండులో మామగారు

మా మామగారు మా ఇంటికి వచ్చేటప్పుడు రెండు సంచులు తెచ్చుకున్నారు. ఒకదాంట్లో బట్టలు, మందులు. రెండోదాంట్లో ఏముందో చాలా రోజులు మాకు తెలియలేదు.

ఆయన మంగళగిరిలో నలభై ఏళ్లకు పైగా గుంటమగ్గం మీద చీరలు నేశారు. అత్తగారు పోయాక ఏడాది పాటు ఒక్కరే వండుకు తిన్నారు. మోకాళ్లు అరిగిపోయి మగ్గం గుంటలోకి దిగడమే కష్టమయ్యాక మా ఆవిడ వెళ్లి, వాదించి, గుంటూరు తీసుకొచ్చింది. వాళ్లకు తనొక్కతే సంతానం. కూతురింట్లో ఉండటం ఆయనకు ఎంత ఇబ్బందిగా ఉందో నోటితో ఎన్నడూ చెప్పలేదు గానీ చూస్తే తెలిసేది. భోజనానికి రెండోసారి పిలిస్తే గానీ లేచేవారు కాదు. మంచినీళ్లు అడిగేవారు కాదు, తనే వెళ్లి ముంచుకునేవారు. ఫ్యాను కింద కుర్చీ చూపిస్తే "మీరు కూర్చోండి" అని గోడవారన ఉన్న దాంట్లో కూర్చునేవారు.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుని. పంట వచ్చే నాలుగు నెలలూ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకోవడం, ఎక్కించుకోవడంతోనే సరిపోతుంది, ఇల్లు గుర్తుండదు. జూన్ దాటాక సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటాను. ఆ వేళకు మా ఆవిడ లోపలి గదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంటుంది. హాల్లో నేనూ ఆయనా మిగిలేవాళ్లం.

"వాన పడేట్టుందండి అల్లుడుగారూ."

"అవునండి మామయ్యగారూ."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ దాదాపు ఇంతే. ఆయనకు నా మీద గౌరవం, నాకు ఆయన మీద గౌరవం. గౌరవం ఎక్కువైన చోట మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీ ఆగిపోయేసరికి ఇద్దరం ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాం. కాసేపటికి ఆయన లేచి రెండో సంచి తెచ్చి, అందులోంచి ఒక నూలు గుడ్డ తీసి టీపాయ్ మీద పరిచారు. నలుపూ తెలుపూ గళ్లు, వరసకు ఎనిమిది. మిగిలిపోయిన నూలుతో తనే నేసుకున్న చదరంగం గుడ్డ అది. కొయ్య బలగం ఒక డబ్బాలో ఉంది. ఒక ఏనుగు ఎప్పుడో పోయిందట, దాని బదులు నూలు చుట్టే కండె ఒకటి నిలబెట్టారు.

"వానాకాలం మగ్గం గుంటలో నీళ్లూరతాయండి. పని ఆగిపోయిద్ది. అప్పుడు అరుగుల మీద ఇదే మా పని. మీకు వచ్చా?"

వచ్చు. కాలేజీ జట్టులో రెండేళ్లు ఆడాను. పక్క జిల్లాలకు కూడా వెళ్లి ఆడొచ్చాను. ఉద్యోగంలో చేరాక వదిలేశాను. ఎవరూ మానమనలేదు, కారణమూ లేదు, అలా పోయింది. పాతికేళ్ల తరువాత మళ్లీ గుర్రాన్ని చేత్తో పట్టుకుంటే వేళ్లకు ముందు గుర్తొచ్చింది, తలకు తరువాత.

ఆ మొదటి ఆట నేను ఓడిపోయాను. ఆయన రాజును ఇరుకున పెట్టేశాననుకుంటుండగా రాజు గుర్రంలా ఎగిరి అవతలికి దూకాడు.

"అదేంటండీ?"

"రాజుకి ఒక్కసారి గుర్రం దూకు ఉందిగా. మీకు లేదా?"

మా పుస్తకాల ఆటలో లేదు. వాళ్ల అరుగుల ఆటలో ఉంది. వాళ్ల బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది, మా బంటు రెండు గళ్లు నడవొచ్చు. అలా ఎవరి ఆట ఏమిటో చెప్పుకోవడంతోనే ఆ మధ్యాహ్నం గడిచిపోయింది. ఆయన అంతసేపు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. కరెంటు వచ్చినా టీవీ పెట్టలేదు.

నెల తిరిగేసరికి అది రోజూ సాయంత్రం పనైంది. అప్పుడే మా ఆఫీసులో ఎవరో ఫోనుకు ఒక ప్రకటన పంపారు. ఒంగోలులో ఒక స్కూల్లో ఆదివారం చెస్ పోటీ, ఆరు రౌండ్లు, వయసుతో పని లేదు. నా పేరు ఇచ్చాను. ఇంట్లో చెబితే మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా అంది, "నాన్న పేరు కూడా ఇవ్వండి."

"నాకెందుకే ఈ వయసులో" అన్నారు ఆయన. ఆ గొంతులో ఉన్నది వద్దనడం కాదని ఇద్దరికీ తెలిసింది. ఇచ్చాను.

ఆరు వారాలు సాధన చేశాం. నేను ఆఫీసులో భోజనాల వేళ ఫోనులో చెస్ చిక్కుముళ్లు విప్పేవాణ్ని. సగం తప్పేవి. పాతికేళ్ల క్రితం కంటికి చటుక్కున కనిపించిన ఎత్తు ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. దానికి మొదట్లో బాధపడ్డాను. తరువాత, వెతికి దొరికించుకోవడంలోనూ ఒక రుచి ఉందని తెలిసింది. కాలేజీ రోజుల్లో గెలుపు కోసమే ఆడేవాణ్ని. ఇప్పుడు ఒక ఎత్తు ముందు పది నిమిషాలు ఊరికే కూర్చోగలుగుతున్నాను.

మామగారికి అంతకంటే పెద్ద పని పడింది. తెలిసినదాన్ని మరిచిపోవాలి. రాజు దూకడు. బంటు రెండు గళ్లు నడుస్తుంది. రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో మార్చుకునే పద్ధతి ఒకటుంది. ముట్టుకున్నదే ఆడాలి. ఆడిన ప్రతి ఎత్తూ కాగితం మీద రాసుకోవాలి. ఈ ఆఖరిది కష్టమవుతుందేమోనని నేను భయపడ్డాను. గళ్లకు అడ్డంగా అక్షరాలు, నిలువుగా అంకెలు ఉంటాయని చూపించగానే నవ్వారు.

"అంచు డిజైను గ్రాఫు కాగితమేగా ఇది. ఏ గడిలో ఏ పోగు లేపాలో చూసుకుంటా నలభయ్యేళ్లు చేసిన పనేనండి."

గడియారమే ఆయనకు పడలేదు. ఫోనులో గడియారం పెట్టి ఆడుతుంటే బల్ల వదిలేసి తన సమయం కరిగిపోవడమే చూస్తుండేవారు. "పడుగు చూసుకోకుండా పేక ఎట్టా వేస్తామండి?" అనేవారు. ఆయన ఆట అంతా అంతే. ముందు మొత్తం పరచుకున్నదాన్ని చూసుకోవాలి, ఆ తరువాతే చెయ్యి కదలాలి.

ఆ ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కాం. చిలకలూరిపేట దాటాక రెండు వైపులా పత్తి చేలు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, పెన్ను జేబులో పెట్టుకుని, కిటికీ పక్కన పెళ్లికి వెళ్తున్నట్టు కూర్చున్నారు.

హాలు నిండా పిల్లలే. మాతో కలిపి పెద్దవాళ్లు పది మంది ఉంటారేమో. తల్లిదండ్రులు గోడల వెంట కుర్చీల్లో కూర్చుని పిల్లల కంటే ఎక్కువ కంగారు పడుతున్నారు. మొదటి రౌండు నేను గెలిచాను. రెండో రౌండులో పదేళ్ల అమ్మాయి, మెళ్లో నీళ్ల సీసా వేలాడేసుకుని, ఎత్తుకొకసారి నీళ్లు తాగుతూ ముప్పై ఎత్తుల్లో నన్ను ఓడించింది. అయ్యాక "థాంక్యూ అంకుల్" అని చెయ్యి కలిపి వెళ్లిపోయింది. మూడో రౌండు కూడా పోయింది.

మామగారు మొదటి ఆటలో పొరపాటున తప్పు బంటును తాకి, దాన్నే ఆడాల్సివచ్చి ఓడిపోయారు. రెండోది గెలిచారు. మూడోదాంట్లో సమయం చాలలేదు. బయటికొచ్చి పులిహోర పొట్లాం విప్పుకుంటూ, "గడియారం లేకపోతే ఆ పిల్లోణ్ని వదిలేవాణ్ని కాదండి" అన్నారు. మొహం మాత్రం వెలుగుతోంది.

సమానమైన మార్కులున్నవాళ్లను జతపరుస్తారు. నాకొకటి, ఆయనకొకటి. నాలుగో రౌండు కాగితం గోడకు అంటించినప్పుడు చూస్తే నా పేరు ఎదురుగా ఆయన పేరే ఉంది.

"ఇక్కడ మామా లేడు, అల్లుడూ లేడు" అన్నారు ఆయన బల్ల దగ్గర కూర్చుంటూ. "సరేనండి" అన్నాను.

ఆయన చక్కగా ఆడారు. ఇరవై ఎత్తుల దాకా నాకేమీ దొరకలేదు. అప్పుడు, గడియారం వైపు చూసి తొందరపడి, శకటును ఒక గడి అవతల పెట్టారు. నా గుర్రం ఒక్క దూకు దూకితే ఆయన రాజుకు చెక్, దాంతోపాటే మంత్రి పోతుంది. ఆట అయిపోయినట్టే.

నేను చూశాను. చూసి, ఆయన చేతిని చూశాను. ఆడిన ఎత్తును ఒద్దికగా కాగితం మీద రాసుకుంటోంది. పొద్దున్నుంచి రెండు ఓటములు. ఇంత మంది మధ్య అల్లుడి చేతిలో మూడోది ఎందుకనిపించింది. దాచడమెందుకు, ఆ క్షణంలో నా మంచితనం మీద నాకే ముచ్చటేసింది. గుర్రాన్ని వదిలేసి, చివర ఉన్న బంటును ఒక గడి జరిపి, "డ్రా చేసుకుందామా మామయ్యగారూ?" అని మెల్లగా అడిగి గడియారం నొక్కాను.

ఆయన బల్ల వైపు చాలాసేపు చూశారు. ఆయన సమయం తగ్గిపోతోంది, అయినా పట్టించుకోలేదు. తరువాత చూపుడు వేలితో నా గుర్రాన్ని చూపించారు, తాకకుండా.

"ఇది చూశారు మీరు."

అబద్ధం చెప్పలేకపోయాను. "చూశానండి."

"మరి?"

ఆయన తన రాజును రెండు వేళ్లతో పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టారు. అప్పటికి ఆయన మంత్రి ఇంకా పోలేదు. ఎత్తు ఆయనదే, తప్పించుకోవడానికి దారి ఉంది. "మామయ్యగారూ, ఆట ఇంకా..." అంటుంటే చెయ్యెత్తి అంపైరును పిలిచారు.

"నేను ఓడిపోయానండి. రాసుకోండి."

కాగితం మీద సంతకం చేశారు. నాతో చెయ్యి కలిపారు, నియమం కాబట్టి. మిగతా రెండు రౌండ్లూ వేరే బల్లల దగ్గర ఆడారు. ఒకటి ఓడారు, ఒకటి గెలిచారు. నాకు వాటిలో ఏం ఆడానో గుర్తు లేదు.

తిరుగు బస్సు ఒంగోలు దాటేలోపే ఒక గ్రానైటు లారీ వెనక ఇరుక్కుంది. ముందు నల్లటి బండ, దాన్ని కట్టిన గొలుసులు, పక్కన ఆయన. గంట పైన ప్రయాణం అలాగే సాగింది. "నీళ్లు తాగుతారా" అంటే తల అడ్డంగా ఊపారు.

మరునాడు సాయంత్రం చదరంగం గుడ్డ బయటికి రాలేదు. ఆ తరువాతి రోజూ రాలేదు. టీవీలో ఎవరో అరుచుకుంటుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. వంటింట్లో మా ఆవిడ నన్ను నిలదీసింది. జరిగింది చెప్పాను. కొట్టేస్తుందేమో అన్నట్టు చూసి, తరువాత నిదానంగా అంది.

"మీరు ఆయనకి ముందు వడ్డించమంటారు. మంచి కుర్చీ ఇస్తారు. మందులు మీరే తెస్తారు. అవన్నీ ఆయన తీసుకుంటున్నాడు, ఇంకో దారి లేక. ఆ గుడ్డ మీద మాత్రం మీరు ఏమీ ఇవ్వరనుకున్నాడు."

మూడో రోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, ఆయన గదిలోకి వెళ్లి గుడ్డ అడిగాను. ఇచ్చారు. టీపాయ్ మీద పరిచి, నేను రాసుకున్న కాగితం చూసి ఇరవై ఎత్తులూ ఒక్కొక్కటే ఆడుకుంటూ వచ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆయన శకటు తప్పు గడికి వచ్చింది. నేను గుర్రాన్ని తీసి పెట్టాల్సిన చోట పెట్టాను.

"చెక్ అండి."

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఫ్యాను కింద కుర్చీలో. రాజును జరిపారు. నేను మంత్రిని తీసేసుకున్నాను. మంత్రి లేకుండానే ఇంకా అరగంట పోరాడారు. ఒక దశలో నాకు చెమటలు పట్టాయి కూడా. చివరికి ఓడిపోయారు.

బలగాన్ని డబ్బాలో సర్దుకుంటూ చెప్పారు. "మీ అత్తయ్యకి జబ్బు చేసినప్పుడు ఒక చీరలో పోగు తప్పిందండి. అంచు దగ్గర, బెత్తెడు మేర. చీరలు తీసుకునే షావుకారు చూశాడు. చూసి, ఏమీ అనకుండా మడత పెట్టి మంచి చీరల్లో కలిపేశాడు. పాపం అని. ఆ తరువాత ఆయనకి నేను చీర నెయ్యలేదు."

"ఆయన మంచికే చేసుంటాడు కదండీ."

"మంచికే చేశాడండి. నాకు తెలియదా? కానీ ఆ తరువాత ఆయన 'బావుంది' అంటే చీరని చూసి అంటున్నాడో, నా మీద జాలితో అంటున్నాడో నాకెట్టా తెలుస్తుంది?"

నేను క్షమించమని అడిగాను. మామూలుగా అయితే "అయ్యో, అంత మాట ఎందుకండీ" అనేవారు. ఆ రోజు అనలేదు. వింటున్నట్టు తల ఊపి, డబ్బా మూత పెట్టారు.

మళ్లీ రోజూ ఆడుతున్నాం. ఆయన ఆట బాగుపడింది, గడియారం భయం కూడా కొంత తగ్గింది. వారానికి ఒకటి రెండు ఆటలు నన్ను ఓడిస్తున్నారు. అయితే గెలిచిన ప్రతిసారీ వెంటనే లేవరు. బలగాన్ని వెనక్కి, ఒక్కో ఎత్తూ తిప్పుకుంటూ వెళ్తారు. నేను ఎక్కడైనా చూసి వదిలేశానేమోనని వెతుకుతారు.

"ఇక్కడ ఈ ఏనుగు మీకు కనపడలేదా?"

"నిజంగా కనపడలేదండి మామయ్యగారూ."

కళ్లజోడు పైనుంచి నా మొహం వైపు కాసేపు చూస్తారు. కొన్నిసార్లు నమ్ముతారు. కొన్నిసార్లు ఇంకో రెండు ఎత్తులు వెనక్కి వెళ్తారు. ఆయన వెతకడం అయ్యేదాకా నేను కూర్చునే ఉంటాను.