గోడ మీద బొగ్గు గీతలు

యాభై నాలుగేళ్ళ వయసులో బండలెక్కి భుజం పాడుచేసుకున్న డ్రిల్ మాస్టారు పుంగనూరు మొత్తంలో నేనొక్కణ్ణే. ఎనభైల్లో మా వైపు కొండలెక్కడం ఒక ఆట అని ఎవరికీ తెలియదు. మేకలు కాసేవాడు ఎక్కుతాడు, తేనె తీసేవాడు ఎక్కుతాడు, నెల జీతం తీసుకునే మనిషికి ఏం పొయ్యేకాలం? డెబ్బైల్లో హార్స్‌లీ హిల్స్‌కు బెంగళూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలకు దారి చూపించబోతే, వాళ్ళ పిచ్చి నాకంటుకుంది. అప్పటినుంచి ఆదివారమొస్తే ఊరి వెనకున్న నిలువుబండ మీదే ఉండేవాణ్ణి.

తాడు కట్టుకునేవాణ్ణి కాదు. దాని మీదే నాకూ మా బామ్మర్దికీ ఎప్పుడూ తగువు. అతను కుప్పం దగ్గర రాతి క్వారీలో పనిచేసేవాడు. రాయి మీద వేలాడుతూ పనిచేసే మనిషి తాడును పైన అతని భార్య అన్నో తమ్ముడో మాత్రమే పట్టుకోవాలని వాళ్ళ ఆనవాయితీ. తేనె తీసేవాళ్ళ నుంచి వచ్చిందట.

"సొంత తమ్ముడన్నా ఏమారతాడేమో గానీ బావా, అక్క తాళి సేతిలో ఉండేవోడు ఏమారడు. ఒక్క మాట సెప్పు, నేనొచ్చి పట్టుకుంటా" అనేవాడు.

"నా బరువు నేను మోసుకుంటాలే, నీ పని నువ్వు చూసుకో" అనేవాణ్ణి. ఎంత పొగరో నాకు!

ఒక ఆదివారం కాలు జారింది. బండ మధ్యలో ఉన్న పగులును కుడిచేత్తో పట్టుకుని వేలాడాను. ప్రాణం దక్కింది, భుజం దక్కలేదు. లోపల నరం తెగిందన్నారు. మదనపల్లెలో ఆపరేషన్ చేసి, ఆరు వారాలు చెయ్యి రొమ్ముకు కట్టేశారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ ఒకటే పాట. "పుత్తూరు కట్టు ఏయించుకుంటే పొయ్యేదానికి కోయించుకుంటివా సారూ!" విరిగింది ఎముక కాదయ్యా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. నా భార్య ముద్దలు కలిపి పెడుతుంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. రెండు ముద్దలు తిని చాలనేవాణ్ణి.

కట్టు విప్పాక డాక్టరు ఒక వ్యాయామం చెప్పాడు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను చీమలా పైకి నడిపించాలి. చెయ్యి ఆగిన చోట గీత గీసి, మర్నాడు దాన్ని దాటాలి. వంటింటి గోడ మీద నా భార్య బొగ్గుతో గీసేది. మొదటి గీత నా రొమ్ము ఎత్తున పడింది. పది రోజులు పెరిగింది. ఆ తర్వాత వెంట్రుకవాసి కదల్లేదు. వారం చూశాను. ఇంక నేను బండ ఎక్కలేను అనుకుని స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు గీత పెరిగింది. ఎలాగంటే, నేను మడమలు కొంచెం పైకి లేపాను. ముప్పై ఏళ్ళు బడిపిల్లల మీద "మడమలు నేలకానించండ్రా!" అని గొంతు చించుకున్నవాణ్ణి నేనే! రోజుకింత చొప్పున లేపుతూ పోయాను. గీత నుదురు దాకా వచ్చింది. ఆమె గీసి, "బాగుండాది" అనేది. ఆ పూట కడుపు నిండా తినేవాణ్ణి. కొన్నాళ్ళకు, చెయ్యి నిజంగానే అంత లేస్తోందని నాకు నేనే నమ్మేశాను. మళ్ళీ బండ ఎక్కుతానన్నాను.

"తాడు లేకుండా పోతే నా మీద ఒట్టే" అంది నా భార్య. సరేనని బామ్మర్దికి కబురు పెట్టాను. మొదటి బస్సుకే దిగాడు. వెనకవైపు నుంచి బండ పైకి వెళ్ళి, తాడు నడుముకు చుట్టుకుని కూర్చున్నాడు. నేను కింద నుంచి మొదలుపెట్టాను. సగం దాకా కాళ్ళే లాక్కుపోయాయి. అక్కడ నా పాత పగులు. దాన్ని కుడిచేత్తో అందుకుంటే ఆ పైన మెట్లెక్కినట్టే. కాళ్ళ కింద రెండు వేళ్ళ వెడల్పు అంచు. అప్పటికే మునివేళ్ళ మీద ఉన్నాను, ఇంక లేపడానికి మడమలెక్కడివి? చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది. పగులు బెత్తెడు పైన ఉంది. మూడుసార్లు చూశాను.

ఆ బండ మీద ఎన్నడూ అనని మాట అన్నాను. "దించరా."

మెల్లగా దించాడు. తర్వాత తనూ దిగివచ్చి, తాడు చుట్టుకుంటూ, నా మొహం చూడకుండా చెప్పాడు. "అక్క జాబు రాసినాది బావా. మడమలు లేపతాండాడు, యాదో ఒక దినం బండకాడికి పోతాడు, పిలిస్తే ఆ పొద్దే రా, అని."

ఇంటికొచ్చి ఆమె మీద అరిచాను. "తెలిసే గీశావా?"

"తెలిసే గీసినా" అంది. "గీత పెరిగిన పూట నాలుగు ముద్దలు ఎక్కువ తింటాంటివి. ఎట్ల వద్దనేది?"

గోడకు ఎదురుగా నిలబడి, మడమలు ఆనించి, వేళ్ళు నడిపించాను. చెవి దగ్గర ఆగిపోయాయి.

"గీయి" అన్నాను.

ఆమె బొగ్గుముక్క నా ఎడమచేతిలో పెట్టింది. వంగి, నా మడమల మీద రెండు అరచేతులూ ఆనించింది.

"నువ్వే గీసుకో" అంది.

నిన్నటి గీతకు బెత్తెడు కింద గీశాను.