అమ్మేసిన బిల్లు, బనీను జేబు

తెనాలిలో ఆ వర్క్‌షాపు మెట్లెక్కుతుంటే ముందు చప్పుడే వినిపిస్తుంది. టక టక టక, ఒక్క క్షణం ఊపిరి, ఆ తర్వాత రేకు మీద రాలిన ఈతకాయలా ‘టప్’. కంప్యూటర్లో ప్రతి లెక్కనీ అకౌంటెంట్ స్టెల్లా గారు ఆఖరి మీట మీద చూపుడువేలితో అలా కొట్టి ముగిస్తారు. మనిషి ఆ తర్వాతే కనబడతారు: యాభై దాటిన వయసు, ముక్కు చివర కళ్లద్దాలు, పెదవి మూలన ఎప్పుడూ ఏదో దాచుకున్న నవ్వు.

కింద రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాలు తయారవుతాయి. ఎగరడం ఇంకా నేర్చుకోని తెల్లకొంగల్లా వాటి చక్రాలు గోడకి ఆనుకుని ఉంటాయి. రేపల్లె, బాపట్ల డీలర్లు వాటిని అరువు మీద పట్టుకుపోయి మూడు నెలలకి డబ్బిస్తారు. పదకొండు మంది పనివాళ్లకి మాత్రం ప్రతి శనివారం కూలీ ఇవ్వాలి. అందుకని స్టెల్లా గారు వసూలుకాని బిల్లుల్ని విజయవాడలో ఒక ఫైనాన్స్ కంపెనీకి అమ్మేస్తారు. కంపెనీ కొంచెం కోసుకుని సొమ్ము వెంటనే ఇస్తుంది. గడువు రోజున డీలరు ఆ కంపెనీకే కట్టాలి. అమ్మిన బిల్లు కంప్యూటర్లో పసుపురంగుకి తిరుగుతుంది, కోతకొచ్చిన చేనులా.

ఈ సంగతి తలకెక్కనిది యజమాని బసవేశ్వరరావు గారికే. కర్లపాలెం రైతు బిడ్డ. పాతికేళ్లుగా డీలరు ఇంటికి వెళ్లి, మజ్జిగ తాగి, డబ్బు లెక్కపెట్టుకుని, బనీను లోపలి జేబులో పెట్టుకొచ్చిన మనిషి.

మొన్న ఒక శుక్రవారం పొద్దున కంపెనీ నుంచి ఫోన్. రేపల్లె వెంకటరత్నం గారి అరవై వేల బిల్లు గడువు దాటిందట. సాయంత్రంలోగా జమకాకపోతే ఇక మీ బిల్లులు కొనేది లేదన్నారు. కొనకపోతే మర్నాటి కూలీ లేదు.

స్టెల్లా గారు యజమాని వంక చూశారు. చొక్కా కింద ఆయన బనీను ఎడమవైపు ఉబ్బి ఉంది.

“సార్, రేపల్లె ఏమన్నా వెళ్లారా?”

“నేనా? సూర్యలంక వెళ్లానమ్మా. సముద్రం చూడ్డానికి.”

“మంచిదండి.”

టప్. ఆ మీటతో వెంకటరత్నం గారి ఫోనుకి బాకీ చీటీ వెళ్లింది. అర నిమిషంలో ఆయన ఫోన్ చేశారు. స్టెల్లా గారు స్పీకర్ పెట్టి, ఫోన్ యజమాని ముందుకి జరిపారు.

“ఏంటమ్మా ఇది? బాకీ ఏంటి? కంపెనీకి కట్టమన్న కాగితం నాకూ వచ్చిందిలే. కానీ మీ సారు, మా బావే గుమ్మంలోకొచ్చి అడిగితే కాదంటానా? బుధవారం మా వరండాలో రెండు గ్లాసుల మజ్జిగ తాగి, వేలు తడుపుకుంటూ అరవై వేలూ లెక్కపెట్టుకుపోయాడు. అమృతలూరులో గేదెని కొంటానని కూడా చెప్పాడే!”

బసవేశ్వరరావు గారి చెయ్యి బనీను జేబు మీదికి వెళ్లింది.

“సార్,” అన్నారు స్టెల్లా గారు చాలా మెత్తగా, “మీ గేదెని నాకు అమ్మారనుకోండి. డబ్బు కూడా తీసుకున్నారు. తెల్లారి మా దొడ్లోకొచ్చి పాలు పిండుకుపోతే దాన్నేమంటారండి?”

“దొంగతనమంటారు,” అనేశారాయన, ఆలోచించకుండా. ఆ వెంటనే చెవులు ఎర్రబడ్డాయి. “ఈ ముక్క మొదటే గేదె లెక్కన చెప్పొచ్చుగా స్టెల్లమ్మా! కంప్యూటర్ లెక్కన చెప్తే నాకేం తెలుస్తుంది?”

చొక్కా గుండీలు విప్పారు. చెమటకి మెత్తబడ్డ నోట్లకట్ట బల్ల మీదికొచ్చింది. రెండు గంటలకల్లా స్టెల్లా గారు బ్యాంకుకి వెళ్లి కంపెనీకి సొమ్ము పంపించి వచ్చారు. టప్. పండిన చేను మళ్లీ పచ్చబడినట్టు, పసుపు వరస ఆకుపచ్చగా మారింది. మర్నాడు పదకొండు మందికీ కూలీ అందింది.

ఇదంతా విని, మెట్లు దిగబోతూ స్టెల్లా గారిని అడిగాను, ఆయన మళ్లీ రేపల్లె వెళ్తే ఎలాగని.

“వెళ్తారండి, ఆ మజ్జిగ మానలేరు. అందుకే ఈ క్రిస్మస్‌కి ఆయనకి అరడజను బనీన్లు నేనే కుట్టిస్తున్నా. ఒక్కదానికీ జేబుండదు.”