దగ్గు తీసేసిన పాట

నాపరాయి కోసేటప్పుడు తడిసిన రాతిపొడికి ఒక వాసన ఉంటుంది. తాండూరులో దిగగానే అది ముక్కుకు తగులుతుంది, మల్లేశం కాక గుర్తొచ్చి నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తాయి.

కాక రాళ్ల పాలిషింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. సాయంత్రాలు తన అద్దె గదిలో, పాత క్యాసెట్ మిషన్ మీద, యాలాల్, కుల్కచర్ల నుంచి వచ్చే మాలాంటి వాళ్ల ర్యాప్ పాటలు రికార్డు చేసేవాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున పాడాలి. ఒక్క మాట తప్పినా టేపు వెనక్కి తిప్పి మళ్లీ దాని మీదే పాడించేవాడు. లోకమంతా లాప్‌టాప్‌లో ముక్కలు ముక్కలుగా పాడి అతికించుకుంటుంటే నీకెందుకీ చాదస్తం అని ఆటపట్టించేదాన్ని.

"ఊపిరి యాడ తీస్కోవాల్నో తెలిస్తెనే గా మాట నీదైతది బిడ్డా," అనేవాడు. అందుకే బీట్ పెట్టకముందు పాటంతా ఒట్టి నోటితో చెప్పించేవాడు. నేను పాట నేర్చుకున్నది అలాగే.

రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇక నయం కాదని వికారాబాద్ ఆసుపత్రిలో చెప్పేశారు. తనకంటే ముందే అదే దుమ్ముతో పోయిన తోటి పనివాళ్ల మీద కాక కట్టిన పాట ఒకటుంది. పోయేలోగా దాన్ని తన గొంతుతో నిలపాలని ఆయన ఆరాటం. కానీ రెండు చరణాలు దాటేసరికి దమ్ము చాలడం లేదు, టేపు మీద అది అయ్యే పని కాదు. నేను లాప్‌టాప్ పట్టుకెళ్లాను. కాక తన పట్టు పక్కనపెట్టి ఒక్కో వాక్యం పాడి, పడుకుని, మళ్లీ లేచి పాడాడు. నేను ఎగశ్వాసా దగ్గూ తీసేసి, అతికించి వినిపించాను.

చివరిదాకా విన్నాడు. "మంచిగున్నది. గని గీ పాడేటాయనకు ఏ రోగం లేదు బిడ్డా," అన్నాడు. లాప్‌టాప్ నా వైపు జరిపి, "నేను ఆగిన కాడ ఆగినట్టే ఉంచు. బీట్ నడవనియ్యి. మేమెట్ల పోయినమో వినేటోళ్లకు తెల్వాలె," అన్నాడు.

అలాగే చేశాను. బీట్ పోతూనే ఉంటుంది, కాక రాడు. దగ్గు వినిపిస్తుంది, ఆ తర్వాత ఆలస్యంగా మాట వస్తుంది. అది పూర్తయ్యేసరికి కాక లేడు. పాట బయటికొచ్చాక తాళం తప్పిందని కొందరు వెక్కిరించారు. వాళ్ల నోళ్లు పడిపోను అనుకున్నాను.

దినాల నాడు ఆయన భార్య సత్తెమ్మ చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. పాట ఎవరి ఫోన్లోనో విన్నదట.

"గా దగ్గు ఇంట్ల శాన విన్న బిడ్డా. దగ్గు లేనిది నాకియ్యి."

మొదట అతికించిన పాట నా దగ్గరే ఉంది, అది ఆమె ఫోన్‌కు పంపాను. చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"లగ్గమైన కొత్తల గిట్లనే పాడేటోడు," అంది.

ఆ రెండు పాటలూ నా దగ్గరున్నాయి. అడిగినవాళ్లకు దగ్గున్న పాటే ఇస్తాను, కాక మాట అది. నాకు కాకను వినాలనిపించినప్పుడు మాత్రం ఏది పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియడం లేదు.