నాలుగో వరుసలో సా

మా పేట గాంధీనగర్‌లో ఉండే మనోజ్ఞ ఏం పని చేస్తుందని అడిగితే, వాళ్ల అత్త యశోదమ్మ "కంప్యూటర్‌లో పాత పాటలకు దుమ్ము దులుపుతాది" అంటుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఎక్కడో పోర్చుగల్‌లో, ఆరేడు వందల ఏళ్ల కిందట చర్చిలో పాడుకోవడానికి తోలు మీద రాసుకున్న పాటలవి. నాలుగు గీతలు, వాటి మీద నల్లటి చదరపు చుక్కలు. వరుస మొదట్లో నెలవంక లాంటి గుర్తు ఏ గీత మీద కూర్చుంటే ఆ గీతే సా. మిగతా స్వరాలన్నీ దాన్నిబట్టే. ఆ పేజీల ఫోటోలను కంప్యూటర్ చదువుతుంది, చదివినదాన్ని మనోజ్ఞ దిద్దుతుంది.

ఆ పనిలో చేరి నెలే అయింది. కానీ సొంతూరు తెక్కలకోటలో భజన హార్మోనియం ముందు పెరిగిన పిల్ల, తన చెవి మీద కొండంత నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఈసారి వచ్చిన పాటను ఆదివారం అక్కడి పండుగలో అరవై మంది పాడబోతున్నారు. మూడు వరుసలు శంకరాభరణంలా హాయిగా సాగి, నాలుగో వరుస ఒక్కసారిగా కిందికి దిగి దిగులు పడుతుంది. "ఎంత శోకం పలికిండాదో చూడు జీవనప్పా" అని బెంగళూరు ఆఫీసులో తన పని చూసే జీవన్‌కు ఫోన్ చేసి మరీ మురిసిపోయింది. వరుసల చివర్లో తోకలున్న చిన్న చుక్కలు కనిపిస్తే మరకలనుకుని, కంప్యూటర్ చదివినదాంట్లోంచి తుడిచేసింది. పేజీ బాగుందని పంపేసింది. అక్కడ గాయకులు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుడిలో భజన. యశోదమ్మ పాడుతోంది, హార్మోనియం మనోజ్ఞది. ఒక చరణం ముగియగానే, గుంపు దారి తప్పకుండా, తర్వాతి చరణం ఎత్తుకోవాల్సిన స్వరాన్ని ముందే ఒకసారి నొక్కి వినిపించడం అక్కడి అలవాటు. మనోజ్ఞ వేలు ఆ మెట్టు నొక్కి, అక్కడే ఆగిపోయింది. ఆ తోక చుక్కలు మరకలు కావు. రాసిన మహానుభావుడు ప్రతి వరుస చివరా తర్వాతి వరుస ఎత్తుగడను అందించిపోయాడు. తను శుభ్రంగా తుడిచిపెట్టింది.

"భజన మధ్యలో యాడికే?" అంది యశోదమ్మ.

"సా తప్పిపోయిండాది అత్తా" అంటూనే మనోజ్ఞ గుడి మెట్లు దిగేసింది. భక్తులు ఏమనుకున్నారో ఆ స్వామికే తెలియాలి.

ఇంట్లో ఫోటో తెరిచింది. మూడో వరుస చివరి తోక చుక్క సా అంటోంది. నాలుగో వరుస మొదటి చుక్కను కంప్యూటర్ ద అంటోంది. పెద్దది చేసి చూసింది. వరుస మొదట్లో తేమ మరక, దాని అడుగున వెలిసిపోయిన నెలవంక. అది మొదటి మూడు వరుసల్లోలా పై గీత మీద లేదు, ఒక గీత కిందికి దిగింది. పాట పైకి ఎక్కాలి, పైన చోటు లేదు, అందుకని రాసినాయన సా‌ను కిందికి జరుపుకున్నాడు. మరక వల్ల కంప్యూటర్‌కు అది కనిపించక వరుసంతా రెండు స్వరాలు కిందికి లాగేసింది. అదీ ఒక రాగంగానే వినిపించింది కాబట్టి మనోజ్ఞ చెవి పట్టుకోలేకపోయింది. ఇప్పుడు సరైన చోటు నుంచి పాడి చూసుకుంది. పాట ఎగిరింది. ఒళ్లంతా ఝల్లుమంది. ఆ సంతోషంలోనే భయమూ పుట్టి జీవన్‌కు ఫోన్ చేసింది.

"రేపే కదక్కా పాట. వాళ్లు నేర్చేసుకుండారు. ఇప్పుడు తప్పంటే నీకు మళ్లీ పని ఇస్తారో లేదో. సుమ్నె, ఏమీ ఎరగనట్టు ఉండరాదా?"

"పని పోతే పోనీలేప్పా. ఆ వరుస వాళ్లు ఎగరేసి పాడల్ల, నేను వినల్ల."

తప్పు తనదేనని రాసి, దిద్దిన పేజీతో పాటు తను పాడిన వరుసనూ పంపింది. జవాబు రాలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం లైవ్ పెట్టుకుంది. భజన వదిలి పోయిందన్న కోపం తీరకపోయినా యశోదమ్మ పక్కనే కూర్చుంది. మూడో వరుస ముగిసింది. అరవై మంది ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. మనోజ్ఞ అత్త చేయి గట్టిగా పట్టుకుంది. అరవై గొంతులూ సా అందుకుని పైకి ఎగిశాయి. మనోజ్ఞ ఏడుస్తూనే వాళ్లతో కలిసి పాడింది.

"ఏందే, ఫోన్లో దిగులు పాటంటివి కదా?" అంది యశోదమ్మ.

"ఇన్ని వందల ఏండ్లూ సంతోషంగానే ఉండాది అత్తా. నేనే దాన్ని ఒక వారం ఏడిపించినా."